మూకుట్లో నవ్వు

ఆదివారం చర్చి నుంచి రాగానే విజయకుమారి చీర మార్చుకుని కోడికూర పొయ్యి మీద పెట్టేది. జేమ్స్ మాస్టారు డాబా మీదకెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసేవారు. వాళ్ళమ్మాయి పెర్సిస్ వరండాలో కూర్చుని, వచ్చే శనివారం స్టేజీ మీద చెప్పాల్సిన మాటలు తనలో తనే గొణుక్కునేది. ఆ వేళకే ఏలూరులో వాళ్ళ వీధి పొడుగునా ఒక్కొక్క ఇంట్లో మూకుళ్ళు వేడెక్కేవి. నూనెలో చేపముక్క పడీ పడగానే నవ్వు వినిపించేది.

ముసలావిడ నవ్వు. మొదట గొంతులో గురగురలాడి, తర్వాత తెరలు తెరలుగా పైకొచ్చి, చివర సన్నటి దగ్గుతో ఆగిపోయేది. ఒక కిటికీలో మొదలై పక్క కిటికీకి, అక్కణ్ణుంచి ఎదురింటికి పాకేది. ఆడవాళ్ళు మూత పెట్టి, అల్లం వెల్లుల్లి దంచుకుంటూ తమ పని తాము చూసుకునేవారు. కొల్లేట్లో గూడలంక దగ్గర భీమశంకరం గారి చెరువులో పెరిగిన చేపలన్నీ అంతే. మార్కెట్లో చేపలమ్మే సత్యవేణి “నవ్వితేనే తాజా అండి” అని చెప్పి అమ్మేది. కొనేవాళ్ళకీ అదే నమ్మకం. నవ్వని చేప తెస్తే మగవాళ్ళు ఐసు సరుకని సణిగేవారు.

మాస్టారింట్లో మాత్రం చేప వండరు. ఎవరైనా అడిగితే “ఆయనకి పడదండి” అనేది విజయకుమారి. వీధిలో నవ్వులు మొదలయ్యేసరికి టీవీ సౌండు పెంచేది. ఆ నవ్వు తన అత్తగారు యేసమ్మదని ఆవిడకి తెలుసు. కన్నతల్లి నవ్వు మాస్టారికి తెలియకుండా ఉంటుందా? పెర్సిస్‌కైతే అది ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఎక్కడ విరుగుతుందో కూడా తెలుసు. ఆ సంగతి ముగ్గురూ ఒకరితో ఒకరు ఎప్పుడూ అనుకోలేదు.

బతికుండగా యేసమ్మ గూడలంక నుంచి గంపతో ఏలూరొచ్చి వీధివీధీ తిరిగి చేపలమ్మేది. వాకిట్లో నిలబడి బేరమాడుతూనే ఆ ఇంటాయన నడకా, ఇంటావిడ విసురూ వాళ్ళ ముందే చేసి చూపించేది. తిట్టబోయినవాళ్ళు నవ్వేసేవారు. సెలవులకి గూడలంక వెళ్ళినప్పుడు మనవరాల్ని గట్టు మీద కూర్చోబెట్టుకుని విద్య నేర్పింది కూడా ఆవిడే. “ముందు నువ్వు నవ్వకే పిల్లా. వాళ్ళని నవ్వనియ్యి. వాళ్ళు నవ్వాక వాళ్ళ మొహాలు చూసి నువ్వు నవ్వు” అనేది.

ఆ పాఠమే పెర్సిస్‌ని నిలబెట్టింది. వారమంతా ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం చేసి, శనివారం సాయంత్రం కౌశిక్ వాళ్ళ కాఫీ షాపు మేడ మీద మైకు పట్టుకునేది. కౌశిక్ పూజారి గారి అబ్బాయి. ఇరవై కుర్చీలతో మొదలుపెట్టాడు. ఏడాదికల్లా మెట్ల మీద కూడా జనం కూర్చున్నారు. “మా పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టినప్పుడు నాకు పెళ్ళి వయసు రాలేదండి. ఆమెన్ అనేసరికి దాటిపోయింది” అన్నందుకు సండే స్కూల్లో పాఠాలు చెప్పే పని పోయింది. తన పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కులం పేరు అడగలేక ఊళ్ళో ఏ పేట అని ఎన్ని రకాలుగా అడిగారో చేసి చూపించినందుకు ఒక సంబంధం తప్పిపోయింది, రెండు సంఘాల వాళ్ళు ఫోన్లు చేసి తిట్టారు. తిట్లు వచ్చిన వారం జనం ఇంకా ఎక్కువ వచ్చేవారు. పెర్సిస్ అదీ చెప్పి నవ్వించేది.

తాడేపల్లిగూడెంలో ఒక కల్యాణమండపంలో పెద్ద షో పెట్టారు. ఆ రోజు ఆమె చెప్పదలుచుకున్నది వేరే. మధ్యలో ఎందుకో ఆగింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది.

“మా మామ్మ పోయిందండి. పైకెళ్ళిపోయింది అన్నారంతా. పైకి కాదండి, నీళ్ళలోకెళ్ళింది. మేం గూడలంక సమాధుల దిబ్బ మీద పెట్టాం. ఏడాది తిరక్కుండా దిబ్బ చుట్టూ గట్టేసి చేపల చెరువు చేశారు. మృతులు లేస్తారని మా పాస్టరు గారు ఎప్పుడూ చెప్తుంటే నేను నమ్మలేదు. లేచారండి. కేజీ నూట అరవై.”

జనం నవ్వారు. పెర్సిస్ నవ్వలేదు.

“ఆ మూకుట్లో నవ్వేది ఎవరనుకున్నారు? మా యేసమ్మ. పోయిన ఆదివారం మీరందరూ మా మామ్మని తిన్నారు. ఉప్పు సరిపోయిందా అండి? బతికున్నన్నాళ్ళూ గంపెత్తుకుని మీ వాకిట్లోనే నిలబడింది. గుమ్మం దాటి రమ్మన్నవాళ్ళు లేరు. ఇప్పుడు చూడండి, తిన్నగా మీ వంటింట్లోకే వచ్చేసింది. నవ్వదూ మరి?”

సగం మంది పగలబడి నవ్వారు. మిగతా సగం మంది ఒక్క శబ్దం లేకుండా ఆమెనే చూశారు. ముందు వరసలో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికెళ్ళింది.

తెల్లారేసరికి ఆ వీడియో ఫోను ఫోనుకీ పాకింది. చేపల రైతుల సంఘం పోలీసులకి ఫిర్యాదిచ్చింది. మమ్మల్ని శవాలు తినేవాళ్ళంటుందా అని ఒకరు, మా వంటిళ్ళలోకి ఎవరొచ్చారంటుంది అని ఒకరు, చనిపోయినవాళ్ళని, పునరుత్థానాన్ని అపహాస్యం చేసిందని చర్చి వాళ్ళు. గూడలంక వాళ్ళు కూడా వ్యానెక్కి వచ్చి, మా ఊరి సమాధులు బజార్న పెట్టావని మాస్టారి గుమ్మం ముందు నిలబడి అడిగి వెళ్ళారు. ఆఫీసులో కొన్నాళ్ళు రావద్దన్నారు. కౌశిక్ షాపు అద్దం ఎవరో పగలగొట్టారు. ఇన్ని నోళ్ళలో ఒక్క నోరు కూడా చేపలు నవ్వవని అనలేదు.

పెర్సిస్ మార్కెట్‌కి వెళ్తే సత్యవేణి కత్తిపీట మీంచి లేవకుండానే అంది. “అవి నవ్వుతాయని ఊరందరికీ తెలుసమ్మా. ఎవరి నవ్వో నువ్వెందుకు చెప్పావు?”

“నిజమే కదా పిన్నీ.”

“నిజమైతే? మీ మామ్మ నాకు ఈ చోటు చూపించి, బేరం నేర్పిన మనిషి. మొదటి రోజే గుర్తుపట్టాను నేను. అయినా కొట్టి ముక్కలు చేసి అమ్ముతున్నాను. నాకు మాత్రం పిల్లల్లేరా?” అని చేప తల పక్కకి నెట్టింది.

వారం తిరిగాక భీమశంకరం స్వయంగా ఇంటికొచ్చాడు. తెల్లటి పంచె, మెత్తటి మాట. విజయకుమారి ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు.

“మీరు చెప్పింది చూశానమ్మా. నవ్వాను కూడాను. మా ఆవిడ మాత్రం ఆ పూట అన్నం తినలేదు” అన్నాడు. “తాడేపల్లిగూడెంలో మా రైతుల సమావేశం ఉందండి. భోజనాలున్నాయి. మీరొచ్చి, అందరి ముందూ మా చెరువు చేప ఒక్క ముక్క తినండి. క్షమాపణ కూడా అడగం. కేసు వెనక్కి తీసుకుంటాం. మీ ఉద్యోగం సంగతి కూడా నేను మాట్లాడతాను.”

“మా మామ్మని తినమంటున్నారా?”

“చేపనమ్మా.”

“మా దిబ్బ లాక్కుని, దాని మీద...”

భీమశంకరం చెయ్యెత్తాడు, చాలా మర్యాదగా. “లాక్కోవడం అనే మాట మాత్రం వద్దండి. ఊరు ఊరంతా కూర్చుని లీజుకిచ్చింది. కాగితం చదివి వినిపించింది ఎవరో మీ నాన్నగారిని అడగండి. మాస్టారు చాలా చక్కగా చదివారు. అక్షరం రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలాగ. ఈ మాట నేనింతవరకూ బయట ఎక్కడా అనలేదు. మీరు రాకపోతే, మా వాళ్ళు అంటారేమో నేను చెప్పలేను.”

మాస్టారు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. భీమశంకరం ఆయనకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

విజయకుమారి గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పెర్సిస్ అడిగింది. “నువ్వు చదివావా నాన్నా?”

“రోడ్డేయిస్తామన్నారమ్మా. వానాకాలం పురిటి మనిషిని పడవలో తీసుకెళ్తూ దారిలోనే పోగొట్టుకున్న ఊరది. అందరూ సరే అన్నారు. మాస్టారు చదివితే వేలిముద్రలు వేస్తామన్నారు. చదివాను.”

“మామ్మ పోయి ఏడాది కూడా కాలేదు.”

“సమాధులు కదపబోమని రాసి ఉంది అందులో. ఆ వాక్యం రెండుసార్లు చదివాను.”

“మరి?”

“కదపలేదు” అన్నారు మాస్టారు. “నీళ్ళు పెట్టారు.”

ఆ రాత్రి నుంచి తండ్రీకూతుళ్ళు వేరువేరుగా భోంచేశారు. మూడోరోజు పెర్సిస్ కౌశిక్‌కి ఫోను చేసి, సమావేశానికి వెళ్తున్నానని చెప్పింది. భయపడ్డావా అని అడిగాడతను. “మా నాన్న మీద జోకు వెయ్యాల్సి వస్తే నేనే వెయ్యాలి కౌశిక్. వాళ్ళకి ఇవ్వను” అంది.

సమావేశం రోజు ఆమెని మధ్య టేబులు దగ్గర కూర్చోబెట్టారు. అరిటాకు వేసి, వేడి అన్నం పెట్టి, పక్కన వేపుడు ముక్క వడ్డించారు. కెమెరాలు దగ్గరికొచ్చాయి. వెనక మూకుళ్ళలోంచి యేసమ్మ నవ్వు తెరలు తెరలుగా వస్తూనే ఉంది. వడ్డించేవాళ్ళు నెయ్యి కావాలా, పెరుగు కావాలా అని అడుగుతూ తిరుగుతున్నారు. భీమశంకరం ఆమెకి ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

పెర్సిస్ ముక్క విరిచింది. ముల్లు తీసింది. చిన్నప్పుడు ముళ్ళు తీసి తినిపించిన మామ్మ వేళ్ళు గుర్తొచ్చాయి. కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకుంది. నాలుక మీద ఉప్పూ కారం తగిలాయి. ఆ తర్వాత గొంతులో ఏదో గురగురమని కదిలింది. ఉమ్మేద్దామనుకుంది. కెమెరాల వెనక గూడలంక వాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు కనిపించారు. మింగేసింది.

“ఎలా ఉందమ్మా?” అన్నాడు భీమశంకరం.

“బాగుంది” అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో వెనక నుంచి వచ్చే నవ్వు ఆగిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు.

కేసు పోయింది. ఉద్యోగం తిరిగొచ్చింది. అమ్ముడుపోయిందని ఫోన్లలో రాసినవాళ్ళు కూడా నాలుగు రోజులకి వేరే గొడవలో పడ్డారు. ఆదివారం వచ్చింది. వీధిలో మూకుళ్ళు వేడెక్కాయి, నూనెలో ముక్కలు చిటపటలాడాయి. ఆడవాళ్ళు మూతలు చేత్తో పట్టుకుని ఎదురుచూశారు. ఏ కిటికీలోంచీ నవ్వు రాలేదు. విజయకుమారి టీవీ సౌండు పెంచబోయి, చెయ్యి ఆపుకుని, రిమోటు అలాగే పట్టుకుని కూర్చుంది.

ఆ మధ్యాహ్నం చాలా ఇళ్ళలో చేప తినలేకపోయారు. రుచి మారలేదు. వాసనా లేదు. అయినా కంచంలో పెట్టుకున్నది ఏదో, ఎక్కడిదో అని మొట్టమొదటిసారి అనిపించింది. మర్నాడు సత్యవేణి తట్ట ముందు జనం నిలబడి, వంగి, చేపల నోళ్ళకేసి చూసి వెళ్ళిపోయారు. “తాజావేనండి” అని ఆవిడ ఎంత చెప్పినా వినలేదు. మందు కొట్టారేమో అన్నారు కొందరు. లారీల వాళ్ళు గూడలంక చెరువు పేరు చెప్తే వద్దనడం మొదలుపెట్టారు. భీమశంకరం మేత మార్చాడు, గాలి యంత్రాలు పెట్టించాడు, ఎక్కడెక్కడి నుంచో మనుషుల్ని తెచ్చి నీళ్ళు పరీక్ష చేయించాడు. చేపలు నవ్వలేదు. రెండు పంటలు ఎదురుచూసి, చివరికి నీళ్ళు తోడించేశాడు. బురదలో దిబ్బ వీపు తేలింది. నాచు పట్టిన సిలువలు కొన్ని ఒరిగి ఉన్నాయి, కొన్ని కనబడలేదు. భీమశంకరం గట్టు మీద కారు ఆపించి, దిగకుండా, చాలాసేపు చూసి వెళ్ళిపోయాడట. ఆ తర్వాత అతను అటు రాలేదు.

ఈలోపు మాస్టారింట్లో ఒక సాయంత్రం విజయకుమారి బట్టలు మడత పెడుతూ పక్కింటి వాళ్ళ పిల్లి సంగతేదో చెప్తోంది. పెర్సిస్‌కి నవ్వొచ్చింది. గొంతులో గురగురలాడి, తెరలు తెరలుగా పైకొచ్చి, సన్నటి దగ్గుతో ఆగింది. విజయకుమారి గభాలున మంచం మీంచి లేచి, కొంగు భుజాల నిండా కప్పుకుని, అత్తగారి ముందు నిలబడినట్టు ఒద్దికగా నిలబడిపోయింది. కాసేపటికి మళ్ళీ కూర్చుని, మిగిలిన బట్టలు మడత పెట్టింది.

అప్పట్నుంచి పెర్సిస్‌కి సొంత నవ్వు లేదు. ఆ కొత్త నవ్వు ఆమె చెప్పినమాట వినేది కాదు. కావాలనుకున్నప్పుడు వచ్చేది కాదు. వద్దనుకున్న చోట, చావు ఇళ్ళలో, ఆఫీసు మీటింగుల్లో, బస్సులో పెద్దమనిషెవరో ఫోన్లో అబద్ధమాడుతుంటే వచ్చేది. అద్దంలో తన నోటిని తనే పరాయిదాన్ని చూసినట్టు చూసుకునేది. స్టేజీ ఎక్కడానికి ఆమెకి చాలా కాలం పట్టింది.

ఎక్కిన రోజు కౌశిక్ మేడ మీద చివరి వరసలో జేమ్స్ మాస్టారు వచ్చి కూర్చున్నారు. కూతురి షోకి ఆయన రావడం అదే మొదలు. పెర్సిస్ ఆయన్ని చూసింది. చూసి కూడా ఆగలేదు.

“మా నాన్న తెలుగు మాస్టారండి. వాళ్ళమ్మ సమాధి లీజు కాగితం ఊరందరికీ ఆయనే చదివి వినిపించారు. ఏం చదివారండి! ఒక్క తప్పు లేదు. ఒత్తులు వత్తారు, దీర్ఘాలు తీశారు. కామా దగ్గర ఆగారు, పాపం, అక్కడైనా ఆగిపోదామని అనిపించలేదు. చుక్క దాకా వెళ్ళారు.”

ఎవరూ నవ్వలేదు. ఆమె గొంతులోంచి ఆ నవ్వే వచ్చింది, జనం కంటే ముందు. ఏలూరు వాళ్ళకి ఎన్నో ఆదివారాలు తెలిసిన నవ్వు. కుర్చీల్లో అందరూ ఒక్కసారి బిగుసుకుపోయారు. మాస్టారు లేచి నిలబడ్డారు, పెద్దవాళ్ళొస్తే లేచినట్టు.

“ఇంకా చెప్పమ్మా” అన్నారు.

ఆ అమ్మ అన్నది ఎవరినో ఆయన చెప్పలేదు, పెర్సిస్ అడగలేదు. షో అయ్యాక స్కూటీ మీద ఇద్దరూ ఇంటికెళ్ళారు. ఆ రాత్రి ఆయన కూతురితో కలిసి భోజనం చేశారు.

ఎండాకాలంలో గూడలంక నుంచి కబురొచ్చింది. ఉండి అనే ఊరి దగ్గర నుంచి చరణ్‌తేజ అనే కుర్రాడు వచ్చాడట. ఖాళీగా ఉన్న చెరువు రొయ్యలకి తీసుకుంటాడట. కాగితం తెచ్చాడు, మాస్టారొచ్చి చదివితే వింటామని ఊరివాళ్ళన్నారు. మాస్టారు తెల్లచొక్కా వేసుకుని బయల్దేరారు. పెర్సిస్ కూడా వెళ్ళింది.

స్కూలు ముందు షామియానా వేశారు. చరణ్‌తేజ లేచి మాస్టారికి కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. మంచి కుర్రాడే. “రోడ్డు మళ్ళీ పాడైందని విన్నానండి. మేం వేయిస్తాం. సమాధుల జోలికి అసలు వెళ్ళం, అది కూడా రాయించాను, చూడండి” అని కాగితాలు చేతికిచ్చాడు. రోడ్డు మాట వినగానే ఊరివాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నిజంగానే రోడ్డు పాడైంది. పెద్దాయన ఒకాయన “చదవండి మాస్టారూ” అన్నాడు.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. మొదటి కాగితం తిప్పారు. గొంతు సవరించుకున్నారు.

వెనక నిలబడ్డ పెర్సిస్ రెండు చేతులతో నోరు మూసుకుంది. నవ్వు ఆగలేదు. వేళ్ళ సందుల్లోంచి గురగురమంటూ మొదలై, షామియానా కింద ముసలివాళ్ళ మీదుగా, చంటిపిల్లల మీదుగా తెరలు తెరలుగా సాగింది. యేసమ్మతో కలిసి గంపలు మోసిన ఆడవాళ్ళు తలలొంచుకున్నారు. చరణ్‌తేజకి ఆ నవ్వు తెలియదు. తన మాటల్లో తప్పేం దొర్లిందా అని అటూ ఇటూ చూశాడు.

చివరి దగ్గు దాకా మాస్టారు విన్నారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

“చదవను” అన్నారు.

“పోనీ ఇంకెవరైనా చదవండి” అన్నాడు చరణ్‌తేజ, కాగితాలు అందుకుని చుట్టూ చూస్తూ. నర్సింగు చదివిన పిల్లలున్నారు అక్కడ, ఇంజనీరింగు పాసైనవాళ్ళున్నారు, పంచాయతీ ఆఫీసులో పనిచేసేవాళ్ళున్నారు. అతను కాగితాలు ఒక్కొక్కరి ముందూ పట్టుకుని షామియానా చివరిదాకా వెళ్ళాడు. ఒక్క చెయ్యీ ముందుకి రాలేదు. ఆ పూట గూడలంకలో చదువొచ్చినవాళ్ళెవరూ లేకపోయారు.